అడగండి – చెబుతాం: ఘనా ర్యాపర్ మానిఫెస్ట్, మన సరిహద్దు తెలుగు

క్రితం సంచికలో ఆఫ్రికా సంగీతం గురించి రాసిన చిన్న వ్యాసంలో ఘనా ర్యాపర్ మానిఫెస్ట్ పేరు ఒక్కసారి ప్రస్తావించాము. ఆ ఒక్క పేరు పట్టుకొని ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబిస్తున్నాము. మొదటి జవాబు పొడవుగా ఉంటుంది. ఆ ఉత్తరం అడిగిన విషయం అటువంటిది.

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, కళాశాలలో ఒడియా, స్నేహితుల మధ్య రెండూ కలిపి మాట్లాడతాను. రెండేళ్లుగా ర్యాప్ రాసుకుంటున్నాను. విజయనగరంలో చదివే మా బావకు వినిపిస్తే, "ఇది తెలుగూ కాదు, ఒడియా కాదు, ముందు భాష నేర్చుకో" అన్నాడు. మానిఫెస్ట్ ఏ భాషలో పాడతారు? ఆయన ఎక్కడ పుట్టి పెరిగారు, ఏమేమి చేశారు, వివరంగా చెప్పగలరా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మానిఫెస్ట్ అసలు పేరు క్వామే అమెటెపీ త్సికాటా. రంగస్థలం పేరును ఇంగ్లిషులో రాసేటప్పుడు మొదటి అక్షరం తరవాత ఒక చుక్క పెడతారు. ఆయన 1982 నవంబరు 20న పుట్టారు. అది శనివారం. ఘనాలోని అకాన్ ప్రజల ఆచారం ప్రకారం శనివారం పుట్టిన మగబిడ్డను క్వామే అని పిలుస్తారు. అయితే ఇంటిపేరు అకాన్ పేరు కాదు. తండ్రి వైపు వారు ఎవె భాష మాట్లాడే ప్రజలు. ఎవె వారు ఘనాలోనూ ఉన్నారు, పక్క దేశమైన టోగోలోనూ ఉన్నారు. వలసపాలకులు ఎక్కడో కూర్చొని గీసిన గీతకు అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోయారు. 1956లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరవాత బ్రిటిషు వారి చేతిలో ఉన్న టోగోలాండ్ భాగం గోల్డ్ కోస్ట్‌లో కలిసింది, మరుసటి ఏడాది మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనా పేరుతో స్వతంత్ర దేశమైంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఇవతల పర్లాకిమిడి అన్న లెక్కలో పెరిగిన మీకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

ఆయన పెరిగిన చోటు మదీనా. అక్రా నగరం అంచున, ఘనా విశ్వవిద్యాలయం ఉన్న లెగోన్‌కు దగ్గరలో ఉన్న పేట అది. దేశం ఉత్తర భాగం నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబాలు, దక్షిణాది వారు, విశ్వవిద్యాలయంలో పనిచేసే వారు పక్కపక్కన బతికే చోటు. ఒక వీధిలో హౌసా, ఇంకో వీధిలో గా, ట్వి, ఎవె, బడిలో ఇంగ్లిషు, బస్సులోను బజారులోను అందరికీ అందే పిడ్జిన్. ఈ పిడ్జిన్ ఇంగ్లిషు మాటలతో మొదలై ఘనా ప్రజల నోళ్లలో నలిగి, వేరే వ్యాకరణం తెచ్చుకున్న భాష. చదువుకున్నవారు చాలాకాలం దీన్ని తక్కువ చూపు చూశారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మానిఫెస్ట్ ఎక్కువగా ఇంగ్లిషులోనే పాడతారు. ఈ మాట దాచి, ఆయనను మాతృభాషా వీరుడిగా చూపడం సరికాదు. కాని ఆ ఇంగ్లిషులోకి ట్వి, గా, పిడ్జిన్ మాటలు అక్రా వీధిలో దొర్లినట్టే దొర్లుతాయి. సామెత వస్తే సామెత భాషలోనే వస్తుంది, తిట్టు వస్తే పిడ్జిన్‌లో వస్తుంది. ఎవరికి ఏ మాట అర్థమవుతుందో ఆయనకు ఖచ్చితంగా తెలుసు. విదేశీ శ్రోత ఒక పాదం దాటుకొని పోతాడు, మదీనా కుర్రవాడు అదే పాదం దగ్గర నవ్వుతాడు. ఈ పనికి తక్కువ భాషాజ్ఞానం చాలదు. నాలుగు భాషల బరువూ తూచగల చెవి కావాలి.

ఆ చెవి ఆయనకు ఎక్కడిది అంటే, తాతగారి దగ్గరకు వెళ్లాలి. తల్లి వైపు తాత జె. హెచ్. క్వాబెనా న్కెటియా. 1921లో మాంపాంగ్‌లో పుట్టి 2019లో తొంభై ఏడేళ్ల వయసులో కన్నుమూసిన ఈయన ఆఫ్రికా సంగీతాన్ని శాస్త్రంగా అధ్యయనం చేసిన తొలితరం ఆఫ్రికన్ పండితుల్లో అగ్రగణ్యుడు. అకాన్ స్త్రీలు చావింట పాడే ఏడుపు పాటలను సేకరించి 1955లో గ్రంథంగా ప్రచురించారు. అకాన్ ఊళ్లలో డోళ్లు ఎవరు, ఎప్పుడు, ఎందుకు వాయిస్తారో చెప్పే పుస్తకం 1963లో వచ్చింది. ఆఫ్రికా సంగీతం మీద 1974లో రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా విశ్వవిద్యాలయాల్లో చదివారు. డోలు మాట్లాడుతుంది అని అకాన్ వారు అనేది అలంకారానికి కాదు. వారి ట్వి భాషలో స్వరం హెచ్చుతగ్గులతో మాట అర్థం మారుతుంది; అతుంపన్ అనే జంట డోళ్లలో ఒకటి హెచ్చు స్వరం, ఒకటి తగ్గు స్వరం పలుకుతుంది; ఆ రెండింటితో వాదకుడు వాక్యాలే పలికిస్తాడు, వినేవారు వాటిని మాటలుగానే వింటారు. ఇటువంటి సంగతులను ఊరూరా తిరిగి రాసిపెట్టిన మనిషి మనుమడు, మాటను తాళంలో కూర్చే వృత్తిలోకి వచ్చాడు. మానిఫెస్ట్ పనిని అర్థం చేసుకోవడానికి నాకు ఈ ఒక్క విషయం తక్కిన వాటన్నిటికంటె ఎక్కువగా తోడ్పడింది.

వృత్తి జీవితం సంగతి. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరంలోని మకాలెస్టర్ కళాశాలలో ఆర్థికశాస్త్రం చదివారు. చదువు తరవాత అక్కడే ఉండి పాడారు. 2007లో మొదటి ఆల్బం, 2009లో రెండోది. 2011లో వచ్చిన మూడో దానిలో, అమెరికాకు వెళ్లినవాడి బతుకే ప్రధాన విషయం: వీసా, దూరమైన ఇల్లు, డబ్బు పంపమనే ఫోన్లు. సూరత్ మగ్గాలకు వెళ్లిన గంజాం కుర్రవాళ్ల ఇళ్లలో ఈ పాటలకు అనువాదం అక్కరలేదు. 2012లో ఇంగ్లండ్ సంగీతకారుడు డేమన్ ఆల్బార్న్, నైజీరియా డ్రమ్మర్ టోనీ అలెన్, అమెరికా బేస్ గిటారు కళాకారుడు ఫ్లీ కలిసి చేసిన ఆల్బంలో ఈయన గొంతు వినిపించింది. సరిగ్గా పెద్ద తలుపులు తెరుచుకునే ఆ సమయంలో ఆయన ఘనాకు తిరిగి వచ్చేశారు.

వచ్చాక 2013లో విడుదల చేసిన చిన్న ఆల్బంకు 'అపాయే' అనే మాటతో పేరు పెట్టారు. అపాయే అంటే అకాన్ రాజసభల్లో, రాజు ఎదుట నిలబడి గడగడా చదివే స్తుతి కవిత్వం. 2016లో వచ్చిన 'నోవేర్ కూల్' ఆల్బం పేరు ఘనా రచయిత్రి అమా అటా ఐడూ కథ పేరు నుంచి తీసుకున్నారు. 2021, 2024 సంవత్సరాల్లో వచ్చిన ఆల్బంల పేర్లలో మదీనా పేట, అక్కడి న్యూ రోడ్, జామచెట్లు ఉన్నాయి. ఈ ఆల్బంలు వరసగా చూడండి: 2011 నాటిది వెళ్లినవాడి పాట, తరవాతివి ఇంటికి చేరినవాడి పాటలు.

ఇక మీ బావగారి మాట. మీరు ఉన్న ఊరిలోనే ఆ మాటకు నూరేళ్ల క్రితం జవాబు చెప్పినవారున్నారు. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడికి ఉపాధ్యాయుడుగా వచ్చారు. పండితులు గ్రాంథికం తప్ప తెలుగు కాదన్న కాలంలో, జనం మాట్లాడేదే భాష అని వాదించారు. అంతకుముందే, అసలు భాషే కాదని అందరూ అనుకున్న సవర భాషను, సవరల దగ్గర కూర్చొని నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో ప్రచురించారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటూ, ఆయన తిరిగిన వీధిలో మాట్లాడే తెలుగును తెలుగు కాదనడం నాకు కష్టంగా ఉంటుంది. మా చిన్నతనంలో బడిలో చద్దన్నాన్ని 'పొఖాళొ' అన్నందుకు ఒక మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి నిలబెట్టారు. ఆ వేళ పుట్టిన సిగ్గు పోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అది మీకు అంటకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

అయితే ఒక జాగ్రత్త. తెలుగు మాట తట్టక ఒడియా మాట వాడటం వేరు, ఒడియా మాటే ఆ చోట పలకాలని ఎంచుకొని వాడటం వేరు. మీ పాటలో ప్రతి ఒడియా మాట దగ్గర ఆగి, ఇది ఎందుకు వచ్చిందని అడగండి. మానిఫెస్ట్ దగ్గర నేర్చుకోవలసినది ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి నిరుడు ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. ఉద్యోగం వద్దు, ర్యాప్ పాడతానంటున్నాడు. మీరు రాసిన ఆ ఘనా ఆయన పేరే చెబుతున్నాడు. అతను చదువు మానేశాడా? ఏం తిని బతికాడు?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, చదువు మానలేదు. ఆర్థికశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశారు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన ఘనా దేశస్థుడు కోఫీ అన్నాన్ 1961లో పట్టా పొందింది కూడా ఈయన చదివిన మకాలెస్టర్ కళాశాలలోనే, ఆ శాస్త్రంలోనే. తండ్రి ఘనాలో పేరున్న న్యాయవాది. అంటే కింద పడితే పట్టుకునే ఇల్లు ఆయనకు ఉంది. ఆ ఆసరా లేని పిల్లలకు ఆయన దారిని యథాతథంగా చూపకూడదు. ఇది మీ అబ్బాయికి కూడా చెప్పండి.

పెద్ద కంపెనీల చేతికి తన పాటలు అప్పగించకుండా సొంతంగా విడుదల చేసుకుంటూ వచ్చారు. 2007లో తొలి ఆల్బం వస్తే, స్వదేశంలో అందరూ చెప్పుకునే పేరు కావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో కచేరీలు, ఇతరుల పాటల్లో చిన్న భాగాలు, రికార్డింగు పనులు. లెక్కలు చూసుకోవడం కూడా ఆయన పనే. ఆర్థికశాస్త్రం వృథా పోలేదు. మీ అబ్బాయి రెండేళ్ల గడువు అడిగితే, ఆ రెండేళ్లలో ఇంటి ఖర్చుకు నెలకు ఎంత ఇస్తాడో, ఆ డబ్బు ఏ పని చేసి తెస్తాడో కాగితం మీద రాయించుకొని ఒప్పుకోండి. కాగితం రాయడానికి ఒప్పుకోకపోతే, ఇంకొంత కాలం ఆగమనవచ్చు.

ప్రశ్న: ర్యాప్ అమెరికా సరుకు. దాన్ని ఆఫ్రికా వారు అరువు తెచ్చుకున్నారు, ఇప్పుడు మన పిల్లలు వారిని చూసి అరువు తెస్తున్నారు. బీటు మీద గబగబా మాటలు చెప్పడంలో ఛందస్సు ఏది, కవిత్వం ఏది?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బరంపురం

జవాబు: గురువుగారూ, ర్యాప్ అమెరికాలో పుట్టిందన్నది నిజమే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో ఒక ఇంటి విందులో డీజే కూల్ హెర్క్ రికార్డులు వాయించిన రాత్రిని హిప్ హాప్ పుట్టినరోజుగా లెక్కిస్తారు. ఆయన జమైకా నుంచి వలస వచ్చిన యువకుడు. జమైకా వారి పూర్వీకుల్లో చాలామంది బానిసలుగా ఓడలెక్కింది పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి, ఇప్పటి ఘనా తీరపు కోటల నుంచి కూడా. అందుచేత ఘనాలో ఈ కళను అరువు సరుకని పూర్తిగా అనడానికి వీలు లేదు. 1990లలో రెజీ రాక్‌స్టోన్ ట్వి భాషలో ర్యాప్ చేసి, ఘనా హైలైఫ్ సంగీతాన్నీ హిప్ హాప్‌నూ కలిపిన 'హిప్‌లైఫ్'కు దారి వేశారు. 1999లో ఒబ్రాఫోర్ అనే గాయకుడి తొలి ఆల్బం వచ్చింది. ఆ పేరు రాజసభలో అపాయే చదివే ఉద్యోగి పేరు నుంచి వచ్చింది. అంటే కొత్త పాటగాడు తనను పాత స్తుతిపాఠకుడి వారసుడుగా ప్రకటించుకున్నాడు. మానిఫెస్ట్ ఆ ఒబ్రాఫోర్‌తో కలిసి పాడారు, ఆ అపాయే పేరుతో ఆల్బం తెచ్చారు. 2016లో ట్వి ర్యాప్‌లో పేరు మోసిన సార్కోడీకీ ఈయనకూ పాటల్లోనే వాదం నడిచినప్పుడు, దేశమంతా రెండు పక్షాలై పాదం పాదం విడదీసి చర్చించుకుంది. మన అవధానుల సభల్లోను, పూర్వం ఊళ్లలో జరిగిన పోటీ పాటల్లోను ఉండే ఉత్సాహం అందులో ఉంది.

ఇక ఛందస్సు. మీ వంటి వారు పూనుకొని పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇక్కడే ఉంది. ర్యాప్ బీటు చాలావరకు నాలుగు దెబ్బల నడక, అంటే చతురశ్రగతి. మన తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయి, గురువులూ లఘువులూ స్పష్టంగా విడివడతాయి. మాత్రలు లెక్కపెట్టి కూర్చుకోవడానికి ఇంగ్లిషు కంటె మన భాషే అనువైనది. కాని ఇప్పటి కుర్రవాళ్లు ఇంగ్లిషు ర్యాప్ విని నేర్చుకోవడం చేత పాదం చివర మాత్రమే ప్రాస వెతుకుతున్నారు. మన క్రియలు వాక్యం చివర వస్తాయి గనుక, 'వచ్చాడు, పోయాడు, చేశాడు' అని ప్రత్యయాలు కలిసిపోయి, వెతక్కుండానే అంత్యప్రాస దొరుకుతుంది. సులువుగా దొరికిన ప్రాసలో రుచి ఉండదు. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం మీద ఉంటుంది, యతి పాదం మధ్యలో కూర్చుంటుంది. ఆ రెండింటినీ బీటు మీద పెట్టి చూస్తే, చివర మోగే చప్పుడు లోపలికి జరుగుతుంది, పాదం నడుము బిగుస్తుంది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు గుణుపురం రైల్లో కూర్చొని ద్విపద పాదాలను బీటు మీద చెప్పి వినిపించాడు. కొన్ని చోట్ల తడబడ్డాడు, కాని యతి దగ్గర అతడి గొంతు తనంత తానే ఆగింది.

జముకుల కథ విన్నవారికి ఇది కొత్త కాదు. కథకుడు వచనం గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే జముకు తంతి కింద నడుస్తుంది, వంతలు పాదం అందుకుంటారు. తప్పెటగుళ్లలో తప్పెట గుండె మీదే ఉంటుంది, కాలి గజ్జె రెండో తాళం వేస్తుంది. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు 2020లో కన్నుమూసేదాకా చేసిన పనిలో ఈ జానపద నడకే ఆయుధం. న్కెటియా పండితుడు తన ఊళ్లలో చేసినట్టు, ఈ నడకలను రికార్డు చేసి, తాళం గుర్తులతో రాసిపెట్టే పని మన సరిహద్దు ఊళ్లలో మిగిలి ఉంది. మీరు విశ్రాంతిలో ఉన్నానని రాశారు. మీ వీధిలో ఫోన్ ఉన్న కుర్రవాణ్ణి ఒకణ్ణి వెంటబెట్టుకొని వెళితే, పని ఈ దసరాకే మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: సామాజిక స్పృహ ఉన్న ర్యాప్ అంటే ప్రభుత్వాన్ని తిట్టడమేనా? నేను గుణుపురం దగ్గర కొండ ఊరిలో పాఠాలు చెబుతాను. మా సవర పిల్లలు పాట రాద్దామంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.
– ఒక ఉపాధ్యాయిని, రాయగడ జిల్లా

జవాబు: తిట్టడం సులువు, అది చాలామంది చేస్తున్నారు. నైజీరియా గాయకుడు బర్నా బాయ్ 2019లో తెచ్చిన ఆల్బంలో మానిఫెస్ట్ పాల్గొన్న పాట ఒకటి ఉంది. అది ఒక లెక్కతో మొదలవుతుంది: 1900లో బ్రిటిషు ప్రభుత్వం నైజర్ కంపెనీ దగ్గర నుంచి ఇప్పటి నైజీరియా భూభాగాల అధికారాన్ని తీసుకున్నప్పుడు కంపెనీకి 8,65,000 పౌండ్లు చెల్లించింది. కోట్ల మంది దేశం ఒక రసీదు మీద చేతులు మారిందని, కోపం లేని గొంతుతో చెబుతారు. విన్నవాడికి కోపం తనంతట అదే వస్తుంది.

మీ పిల్లలకు కూడా లెక్క నుంచే మొదలుపెట్టించండి. సంతకు దింపిన చింతపండు కావిడి ఎంత తూగింది, వర్తకుడు ఎంత రాశాడు, చేతికి ఎంత వచ్చింది, అదే చింతపండు బరంపురంలో ఎంతకు అమ్ముతున్నారు. ఈ నాలుగు అంకెలు పిల్లలనే వెళ్లి అడిగి రాసుకు రమ్మనండి. పాట సవరలోనే రాయించండి. తెలుగు, ఒడియా మాటలు సంతలో వినిపించే చోట మాత్రమే వాటిని రానివ్వండి. మీ ప్రాంతంలో మంగేయ్ గొమాంగొ 1936లో సవర భాషకోసం రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి పెద్దలెవరికైనా వస్తే, ఒక ప్రతి ఆ లిపిలో కూడా రాయించి పెట్టుకోండి. రికార్డు చేసేటప్పుడు వెనక బీటు కోసం ఫోన్‌లో వెతకవద్దు. ఊరిలో డోలు వాయించే ముసలాయన ఉంటే ఆయనను పిలిచి, పిల్లలు చెప్పే పాదం ఆయనకు రెండుసార్లు వినిపించి, ఏ నడక వేయాలో ఆయననే అడగండి. పాట పూర్తయ్యాక మాకు పంపితే, మాటలకు తెలుగు అర్థంతో సహా ఈ పేజీలోనే అచ్చు వేస్తాము.